లైను వేశాక అసలు పని



పిల్లల ఐసీయూలో బిడ్డ మెడ దగ్గర సన్నని గొట్టం ఒకటి మీలో కొందరు చూసే ఉంటారు. దాన్ని సెంట్రల్ లైను అంటాం. చేతికి పెట్టే సెలైన్ సూది చిన్న నరంలోనే ఆగుతుంది, ఇది గుండె దగ్గరి పెద్ద నరం దాకా వెళ్తుంది. క్రిమి దూరిందంటే తిన్నగా రక్తంలోకే.

అమెరికాలో పీటర్ ప్రొనోవోస్ట్ అనే వైద్యుడు, ఆయన బృందం మిచిగన్ ఐసీయూల్లో ఐదు పనులు పట్టుబట్టి చేయించారు. చేతులు కడుక్కోవడం, అవసరం తీరగానే లైను తీసేయడం వంటి మామూలు పనులే. ఏడాదిన్నరలో ఇన్ఫెక్షన్లు సుమారు మూడింట రెండు వంతులు తగ్గినట్టు 2006లో ప్రకటించారు. పిల్లల దగ్గరికొచ్చేసరికి మరో సంగతి బయటపడింది. అమెరికాలోనే 29 పిల్లల ఐసీయూల ఫలితాలు 2010లో వచ్చాయి. లైను ఉన్న ప్రతి వెయ్యి రోజులకు 5.4గా ఉన్న ఇన్ఫెక్షన్లు 3.1కి దిగాయి. ఆ తగ్గుదలకు ముఖ్య కారణం లైను వేసేటప్పటి జాగ్రత్త కాదట, వేశాక రోజూ చూసుకునే తీరట!

లైను వేసి డాక్టరు వెళ్లిపోతాడు. రోజుకు ఎన్నోసార్లు దాని మూతి తెరిచి మందు ఎక్కించేది సిస్టరే. తెరిచే ముందు ఆ మూతిని స్పిరిట్ దూదితో కనీసం 15 సెకన్లు గట్టిగా రుద్దాలి, ఆరనివ్వాలి. రాత్రి డ్యూటీలో, పక్క మంచం మీద ఇంకో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే, 15 సెకన్లు చాలా పొడవు.

ఈ జాగ్రత్తలు సిస్టర్లకు అలవాటు చేయాలి; ఫోను యాప్ పనికొచ్చేది ఇక్కడే. కాన్పులు చేసే సిస్టర్ల కోసం డెన్మార్క్ సంస్థ ఒకటి తెచ్చిన సేఫ్ డెలివరీ యాప్‌లో చిన్న చిన్న బొమ్మల వీడియోలుంటాయి. ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి. లైన్ల సంరక్షణకూ అలాంటిది కావాలి, తెలుగులో. అందులో మొదటి ప్రశ్న బిడ్డ బరువు గురించే ఉండాలి. కిలో బరువున్న నెలతక్కువ బిడ్డ ఒంట్లో రక్తం చిన్న టీ గ్లాసుడే. పెద్దవాళ్ల లైను కడిగినట్టు 10 మిల్లీలీటర్ల సెలైన్ తోసేస్తే ఆ బిడ్డ తట్టుకోలేదు. పెద్దల చర్మానికి వాడే క్లోర్‌హెక్సిడిన్ కూడా అంత లేత చర్మాన్ని కాల్చేయగలదు.

పది ప్రశ్నలకు టిక్కులు పెట్టించి సర్టిఫికెట్ చేతిలో పెట్టే యాప్‌ల మీద మాత్రం నాకు గౌరవం లేదు. వీడియో చూశాక బొమ్మ చేతి మీద చేయించాలి, సీనియర్ సిస్టర్ పక్కన నిలబడి తప్పు పట్టాలి. ఇంకో తిరకాసుంది. ఫోను క్రిములకు నిలయం. గ్లవ్స్ వేసుకున్నాక దాన్ని ముట్టుకుంటే నేర్చుకున్నదంతా వృథా. అందుకే యాప్ చూడాల్సింది డ్యూటీ రూములో, మంచం పక్కన కాదు. ఇక ఒక్క సిస్టర్‌కు లెక్కకు మించి పిల్లల్ని అప్పగించే ఆస్పత్రిని ఏ యాపూ బాగుచేయదు.

మీ బిడ్డకో మనవడికో లైను ఉంటే కట్టు తడిసినా, అంచు లేచినా, ఆ చోటు ఎర్రబడినా వెంటనే చెప్పండి. రౌండ్స్‌కు వచ్చిన డాక్టర్ని రోజూ అడగండి: "ఈ లైను ఇంకా అవసరమా సార్?" ఆ ప్రశ్నకు విసుక్కోవద్దని మా వాళ్లకు నేను చెప్తూనే ఉన్నాను.