పసిగుండె – పెద్దల మాట
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బి.పి., షుగరు గురించి మనం ప్రతి సమావేశంలోనూ మాట్లాడుకుంటాం. ఈ రోజు మన మనవలు, మనవరాండ్ర గుండె గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువులలో సుమారు 8 నుంచి 10 మందికి పుట్టుకతోనే గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. ఎక్కువగా కనిపించేది గుండె కింది గదుల మధ్య గోడలో రంధ్రం. 1984లో పుట్టిన మా అమ్మాయికి అదే. పాలు తాగుతుంటే ఆయాసం, నుదుట చెమటలు. మాటిమాటికీ డొక్కలెగరేసేది. మద్రాసులో చూపించమని డాక్టరుగారు చెప్పారు. "నలుగురికీ తెలిస్తే రేపు పిల్లకు పెళ్లవుతుందా?" అన్నది మా అమ్మ. గ్రహణం నాడు కోడలు బయట తిరిగిందని కూడా అన్నది. నేను నోరు మెదపలేదు. మిరపకాయల ఘాటుకు దగ్గులే అని సరిపెట్టుకొని, తాయెత్తులతో నాలుగేళ్లు గడిపాను.

చివరకు మద్రాసు వెళితే, అక్కడి డాక్టరుగారు విడమరచి చెప్పారు. రంధ్రం పెద్దదైతే ఊపిరితిత్తులలోకి రక్తం ఎక్కువగా పోయి, అక్కడి నాళాలు బిరుసెక్కుతాయట. అది ముదిరితే ఇక రంధ్రం మూయడానికి వీలుండదు. "ఇంకా ఆలస్యమైతే మేమూ చేయగలిగింది ఉండేది కాదు" అన్నారు. పి.ఎఫ్. లోను, నా భార్య గాజులు కలిపి 1988లో ఆపరేషను చేయించాము. అమ్మాయి నేడు ఇద్దరు పిల్లల తల్లి. అయినా ఆ గ్రహణం మాట, నా మౌనం నా భార్య ఈనాటికీ మరువలేదు. ఆమె తప్పు ఏమీ లేదని ఆనాడు చెప్పవలసినవాణ్ణి నేనే.

ఇప్పుడు రోజులు మారాయి. 1991లో పుట్టపర్తిలో సత్యసాయి ఆసుపత్రి వచ్చి, ఉచితంగా గుండె ఆపరేషన్లు చేస్తున్నది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్యసేవ. 2016లో మన గుంటూరు ప్రభుత్వాసుపత్రిలోనే గుండె మార్పిడి కూడా జరిగింది. చిన్న రంధ్రాలు కొన్ని వాటంతటవే పూడుకుంటాయి. అయితే ఏది పూడుతుందో ఎకో పరీక్ష చూసి గుండె డాక్టరు చెప్పాలి, మనం కాదు.

కనుక నా విన్నపం ఒక్కటే. బిడ్డ పాలకు ఆయాసపడుతున్నా, బరువు పెరగకపోయినా, పెదవులు నీలంగా మారినా దాచవద్దు, తల్లిని నిందించవద్దు. ఇంట్లో మన మాటకు ఇంకా విలువ ఉంది. ఆ మాట "ముందు డాక్టరుకు చూపిద్దాం పదండి" అన్నదై ఉండాలి.

సెలవు.