సేవకూ నిబంధనలు కావాలి
(స్వచ్ఛంద కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం)



సేవ చేసేవాళ్లకు నిబంధనలెందుకని కొందరు అడుగుతున్నారు. బియ్యం సంచితో ఒంటరి స్త్రీ ఇంటికి వెళ్లినవాడు ఆమెతో తప్పుగా ప్రవర్తిస్తే ఆమె ఎవరికి చెప్పుకోవాలి? చెబితే వచ్చే నెల బియ్యం ఆగిపోతాయని భయం. నిబంధనలు ఆమె కోసం.

కథోలికుల సెయింట్ విన్సెంట్ డి పాల్ సొసైటీనే చూడండి. 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజనామ్, తోటి విద్యార్థులు దాన్ని ప్రారంభించారు. పేదల ఇళ్లకు వెళ్లి ఆదుకోవడమే దాని ప్రధాన కార్యక్రమం. కాని స్త్రీలకు అందులో పూర్తి సభ్యత్వం 1967లోగాని రాలేదు. అంతవరకు వాళ్లది వేరే సంఘం.

ఇక నాయకత్వం. అంతర్జాతీయ కథోలిక సంఘాల కేంద్ర నాయకత్వంలో ఎవరూ వరసగా పదేళ్లకు మించి ఉండరాదని 2021లో వాటికన్ ఆదేశించింది. స్థాపకులకు మాత్రం మినహాయింపు ఇవ్వవచ్చునట! లైంగిక దోపిడీపై 2019లో చేసిన నియమాలను 2023లో సవరించి, అలాంటి సంఘాల గృహస్థ నాయకులనూ వాటి పరిధిలోకి తెచ్చారు.

మన చట్టాలు కూడా గుర్తుంచుకోండి. 2013 చట్టం ప్రకారం జీతం లేని కార్యకర్త కూడా ఉద్యోగే. పదిమంది పనిచేసేచోట ఫిర్యాదుల కమిటీ ఉండాలి, దానికి స్త్రీ అధ్యక్షత వహించాలి. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. సంస్థ పరువు పేరుతో లోపల సర్దుబాటు చేయడం నేరం.

చేర్చుకునే ముందు విచారణ, ఇళ్లకు ఇద్దరిద్దరుగా వెళ్లడం, పదవికి గడువు, ఫిర్యాదు ఎవరికి చేయాలో సాయం పొందేవారికి ముందే చెప్పడం. ఈ నాలుగూ మన సంస్థల్లో ఉన్నాయా? ఈరోజు ఇళ్లకు వెళ్లేముందు ఆలోచించండి.