కాగితం చేతికి వచ్చాకే ఉద్యోగం

(తిరుపతిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భర్త కొట్టాడనో, కట్నం కోసం అత్తింటివాళ్ళు వేధిస్తున్నారనో మన దగ్గరికి ఆడవాళ్ళు వస్తారు. వాళ్ళతోపాటు "అక్కా, ఏదైనా ఉద్యోగం చూపించు" అని వచ్చే అమ్మాయిలూ ఉన్నారు. వాళ్ళను మనం చాలాసార్లు "చూద్దాంలే అమ్మా" అని పంపేస్తాం. ఇది కేసు కాదు కదా అనుకుంటాం. కానీ చేతిలో సొంత జీతం లేకనే, తన్నులు తిని కూడా మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళిపోయిన ఆడవాళ్ళను మనమందరం చూశాం. ఉద్యోగం సంగతి హక్కుల సంగతి కాకుండా ఎలా పోతుంది? అందుకే ఇవాళ పనికొచ్చే నాలుగు మాటలు చెబుతాను.

మొదట ప్రభుత్వోద్యోగం. తిరుపతిలో మహిళా విశ్వవిద్యాలయం 1983లో వచ్చింది. మరుసటి ఏడాది, 1984లో, నేరుగా భర్తీ చేసే ఉద్యోగాల్లో స్త్రీలకు 30 శాతం ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. దాన్ని కోర్టులో సవాలు చేశారు. 1995లో సుప్రీంకోర్టు ఆ నిబంధన చెల్లుతుందని తీర్పు చెప్పింది. ఆ తీర్పు రాసిన న్యాయమూర్తి సుజాతా మనోహర్. 1996లో ఆ వాటా మూడో వంతుకు పెరిగింది. అయితే మన అమ్మాయిల్లో ఒక అపోహ ఉంది. లేడీస్ కోటాలో ఎన్ని పోస్టులుంటే వాటికే తాము పోటీ అనుకుంటారు. జనరల్ పోస్టులు మగవాళ్ళకు రాసిచ్చినవి కావు. మార్కులుంటే అవీ మనవే. ఈ మాట ప్రతి కోచింగ్ సెంటర్ గుమ్మంలోనూ చెప్పాలి.

ఇంకో చిన్న విషయం. పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉంటుంది. సర్టిఫికెట్లు పరిశీలించే రోజున ఆ అమ్మాయి పడే అవస్థ చూడాలి. పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలని ఏ చట్టమూ చెప్పలేదు. చదువు కాగితాల్లో ఉన్న పేరే అన్నిచోట్లా ఉంచుకోమని చెప్పండి.

ఇక ప్రైవేటు ఉద్యోగాలు. 2015లో శ్రీసిటీలో సెల్‌ఫోన్ల తయారీ మొదలైనప్పుడు చుట్టుపక్కల ఊర్ల నుంచి ఆడపిల్లలు వేల సంఖ్యలో పనికి వెళ్ళారు. ఇంటర్, డిగ్రీ అయిన వెంటనే పెళ్ళి చేయాలనుకున్న ఇళ్ళలో ఆ జీతం చాలా మార్చింది. కాని ఏ కంపెనీకైనా చాలామంది వెళ్ళేది ఏజెంటు ద్వారా, కాంట్రాక్టరు కింద. నాకు తెలిసిన ఒక అమ్మాయి ఒకచోట ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేసి, మంచి ఉద్యోగం వచ్చినా మానలేక ఏడాది పాటు తిరిగింది. అందుకని మూడు మాటలు గట్టిగా చెప్పండి. ఉద్యోగానికి డబ్బు కట్టొద్దు. ఒరిజినళ్ళు చూపించి వెనక్కు తీసుకోవాలి, జిరాక్సులే ఇవ్వాలి. నియామక పత్రం లేకుండా చేరొద్దు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్ల ప్రకారం నియామక పత్రం ఇవ్వడం యజమాని బాధ్యత. అందులో పని పేరు, జీతం, ఎవరి కింద చేరుతున్నదీ చదువుకోవాలి.

చేరాక జీతం చీటీ అడగాలి. పీఎఫ్ కోత పడుతుంటే ఆ డబ్బు నిజంగా జమ అవుతోందో లేదో సెల్‌ఫోన్లోనే చూసుకోవచ్చు. కాంట్రాక్టరు మారినా పీఎఫ్ యూఏఎన్ నంబరు మారకూడదు. నెలకు 21,000 రూపాయల లోపు జీతమున్న వాళ్ళకు ఈఎస్ఐ వైద్యం ఉంటుంది. బిడ్డ పుట్టే తేదీకి ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే ఇద్దరు బిడ్డల వరకూ 26 వారాల జీతంతో సెలవు హక్కు. "కడుపుతో ఉన్నావు, మానేయి" అంటే మానేయకుండా మన దగ్గరికి రమ్మనండి.

పైకి ఎదగడం అన్నింటికన్నా కష్టం. వరుసలో కూర్చున్నవాళ్ళంతా ఆడపిల్లలు, వెనక నిలబడి అజమాయిషీ చేసేది మగవాడు. ఎందుకిలా అంటే "ఆడవాళ్ళు రాత్రి షిఫ్టుకు రారు, బదిలీకి ఒప్పుకోరు" అంటారు. ఇంట్లో అమ్మ కూడా "ఆడబిడ్డను రేత్రిపూట పంపిస్తే ఊర్లో ఏమనుకుంటారు?" అంటుంది. రాత్రిపూట పనికి స్త్రీ సమ్మతి కావాలి, రవాణా, రక్షణ యజమాని ఏర్పాటు చేయాలి. వద్దనే హక్కూ, చేస్తాననే హక్కూ రెండూ ఆమెవే. చేస్తానన్నవాళ్ళకు దారి చూపాలి. శిక్షణకు పేరు అడిగి ఇవ్వాలి, ప్రమోషనుకు దరఖాస్తు రాతపూర్వకంగా పెట్టాలి, దానికి నకలు ఉంచుకోవాలి. నోటితో అడిగినదానికి రేపు సాక్ష్యం ఉండదు.

ప్రమోషను పేరుతో పైవాడు వేధిస్తే? పదిమంది పనిచేసే ప్రతిచోటా 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి. ఫిర్యాదు మూడు నెలల్లోపు ఇవ్వాలి. పదిమంది కంటే తక్కువ ఉన్న బట్టల దుకాణంలోనో, లాడ్జిలోనో, ఇళ్ళల్లోనో పనిచేసేవాళ్ళకు జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. 2022లో తిరుపతి వేరే జిల్లా అయింది. కాబట్టి చిత్తూరు కమిటీ, తిరుపతి కమిటీ వేరువేరు. ఏ ఊరు ఏ జిల్లాలోకి వచ్చిందో మనకే తెలియకపోతే ఆ అమ్మాయికి ఎవరు చెబుతారు?

చివరగా మన పని. రెండు కమిటీల సభ్యుల పేర్లు కలెక్టరాఫీసులో అడిగి రాసుకుని మన ఆఫీసు గోడకు అంటిద్దాం. వారానికి ఒకరోజు సాయంత్రం దరఖాస్తులు నింపడానికీ, నియామక పత్రాలు చదివి చెప్పడానికీ ఇద్దరు కూర్చుందాం. ఇప్పటికే ఉద్యోగాల్లో ఉన్న అమ్మాయిలను పిలిచి కొత్తవాళ్ళతో మాట్లాడిద్దాం. "ఉద్యోగం చూపించు అక్కా" అని వచ్చిన అమ్మాయిని ఇకమీదట "చూద్దాంలే" అని పంపొద్దు. కూర్చోబెట్టి కాగితాలు తీయమందాం.