మన కొండల వాన, మంచు, అడవి: కొన్ని మాటలు
(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వాతావరణం, శీతోష్ణస్థితి, వృక్షసంపద గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు మీలో చాలామంది ఉన్నారు, నిర్వచనాలు నోటికి వచ్చే ఉంటాయి. వాటిని మన పాడేరు, అరకు, చింతపల్లి కొండల మీద పెట్టి చూద్దాం.

పొద్దున్న మబ్బు పట్టి మధ్యాహ్నం ఎండ కాస్తే అది వాతావరణం. ఒక ప్రాంతంలో ఏళ్ల తరబడి, మామూలుగా 30 ఏళ్ల లెక్కలు తీసి చెప్పేది శీతోష్ణస్థితి. ఫోన్‌లో మనం చూసేది మొదటిది. "మా చిన్నతనంలో ఈ గెడ్డ వేసవిలో కూడా పారేది" అని తాత అన్నప్పుడు ఆయన మాట్లాడేది రెండోదాని గురించి. అయితే ఒక్క మెలిక ఉంది. గెడ్డ ఎండడానికి వాన తగ్గడమే కారణం కానక్కర్లేదు, పైన అడవి పోయినా ఎండుతుంది. ఏది నిజమో తేల్చాలంటే తాత జ్ఞాపకం పక్కన అంకెలు కూడా ఉండాలి.

ఇక చలి. ఎత్తుకు వెళ్లేకొద్దీ ప్రతి 1000 మీటర్లకు సుమారు 6.5 డిగ్రీల వేడి తగ్గుతుంది. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, అందుకే విశాఖ కంటే చల్లన. మరి శీతాకాలంలో కొండ మీద ఇంటి కంటే లోయలో ఇంటికి ఎక్కువ చలి ఎందుకు? మబ్బు లేని, గాలి లేని రాత్రి నేల త్వరగా చల్లారుతుంది. దాన్ని ఆనుకున్న చల్లగాలి బరువెక్కి వాలు వెంట జారి లోయలో నిలుస్తుంది. పుస్తకంలో దీన్ని ఉష్ణోగ్రతా విలోమం అంటారు. లంబసింగి చలిలో దీని పాత్ర కూడా ఉంది.

మన భాషలో మంచు అన్న ఒక్క మాటే చాలా పనులు చేస్తుంది. గడ్డి మీది నీటి బొట్టు మంచే, దారి కనపడనివ్వని పొగమంచూ మంచే, హిమాలయాల్లో పడేదీ మంచే. దాంతో కాశ్మీర్‌లా ఉంటుందనుకుని లంబసింగికి వచ్చిన పర్యాటకులు మంచు ఎక్కడా అని అడుగుతారు. వంజంగి కొండ మీంచి కనిపించే తెల్లటి సముద్రం లోయలో నిలిచిన పొగమంచు, మేఘం. గైడుగా పనిచేసే తమ్ముళ్లు ఈ తేడా చెప్పగలిగితే వచ్చినవాళ్లు నిరాశపడరు.

అడవి సంగతి. మనది ఎక్కువగా ఆకురాల్చే అడవి. ఎండలు ముదిరే ముందు ఆకు రాల్చి చెట్టు తన నీరు కాపాడుకుంటుంది. మద్ది, వేగిస, ఇప్ప, కరక, చెట్ల మీదికి పాకే అడ్డతీగ, ఇవన్నీ సహజ వృక్షసంపద. కాఫీ తోటలో బారులు తీరిన సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా నుంచి వచ్చిన చెట్టు, నీడ కోసం నాటింది. దూరం నుంచి రెండూ పచ్చగానే ఉంటాయి. కానీ విస్తరాకు, ఇప్పపువ్వు, కరక్కాయ సిల్వర్ ఓక్ ఇవ్వదు. పిల్లలకు అది కూడా అడవేనని చెప్పొద్దు.

చివరగా వాన. వేసవిలో కాఫీ మొగ్గ విచ్చుకోవడానికి ఓ మంచి జల్లు కావాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు, ఆ తర్వాత ఈశాన్య రుతుపవనాలు, బంగాళాఖాతం తుపానులు. ఒక కొండకు కురిసిన వాన పక్క కొండకు కురవదు. దూరంగా ఉన్న వర్షమాపకం అంకె చూసి మన ఊళ్లో వాన బాగానే పడిందని ఎవరైనా అంటే, కాదనడానికి మన దగ్గర కాగితం ఉండాలి కదా.

ఆ పని ఏమంత కష్టం కాదు. అడుగు నుంచి పైదాకా ఒకే వెడల్పున్న డబ్బాను చెట్టు, చూరు లేని చోట నిలబెట్టండి. వాతావరణ శాఖ లెక్క ప్రకారం రోజూ ఉదయం 8:30కి అందులో నీటి లోతును స్కేలుతో కొలిచి, తేదీ వేసి నోట్‌బుక్కులో రాసి, నీళ్లు పారబోయండి. 1 మిల్లీమీటరు అంటే చదరపు మీటరు నేలకు 1 లీటరు నీరు. వాన లేని రోజు సున్నా రాయండి, ఖాళీ వదలొద్దు. ఊరికి ఒక్కరు చాలు. ఈ జూన్‌లో ఎవరెవరు మొదలుపెడతారో భోజనాల దగ్గర నాకు పేర్లు ఇవ్వండి.