ఉంటున్న ఇంటికి హక్కు పత్రం

మన పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ ఉంది. ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడం. ఈ రెండింటి మధ్య ఆగిపోయే అర్జీలు చాలా ఉంటాయి. వాటిలో ఒక్కదాని గురించి ఈ రోజు చెబుతాను.

ఎవరిదో పట్టా భూమి. దాని మూలన మీ తాత కట్టుకున్న ఇల్లు. ఆయన ఆ భూమిలో కూలి చేశాడు, మీ నాన్నా చేశాడు. గోడలు మీవి, నేల మీది కాదు. గొల్లరహట్టులలో, నాయకరహట్టులలో, లంబాణి తాండాలలో ఇటువంటి ఇళ్ళు వరుసగా కనిపిస్తాయి. భూమి యజమాని మంచివాడైనంతకాలం ఏ చిక్కూ లేదు. ఆయన కొడుకులు భాగాలు పంచుకున్న రోజున మీ ఇంటి మాట వస్తుంది. తిరుమణి చుట్టుపక్కల సౌర విద్యుత్ పార్కు కోసం దాదాపు 13 వేల ఎకరాలు లీజుకు తీసుకున్నప్పుడు మనం చూశాం కదా, ఏటేటా వచ్చే లీజు డబ్బు పహణిలో పేరున్నవారికే వచ్చింది. ఆ నేలమీద తరతరాలుగా కూలి చేసినవారికి రాలేదు.

అయితే ఇంటి విషయంలో చట్టం మీ పక్షాన ఉంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. 1961 నాటి కర్ణాటక భూసంస్కరణల చట్టాన్ని దేవరాజ అరసుగారి ప్రభుత్వం గట్టిగా సవరించింది. ఆ సవరణ 1974 మార్చి 1 నుండి అమలయింది. ‘ఉళువవనే ఒడెయ’, అంటే దున్నేవాడిదే భూమి అన్న మాట అప్పటిదే. అందులో 38వ సెక్షన్ ఇంటి గురించి చెబుతుంది. వ్యవసాయ కూలి తనది కాని భూమిలో ఇంట్లో కాపురముంటే, ఆ ఇల్లు, దాని కింది స్థలం ఆ కూలి పేర నమోదు కావలసిందే. దయతో ఇచ్చే దానం కాదిది, అడిగి తీసుకొనవలసిన హక్కు.

కానీ అడగాలి. కౌలుదారులు ఏడో నంబరు ఫారం నింపి భూ న్యాయమండలికి ఇవ్వడానికి 1979 జూన్ 30 వరకు గడువు ఉండేది. యజమాని ముఖం చూసి మొహమాటపడినవారు, భయపడినవారు, చదువు లేక వదిలేసినవారు ఎందరో! గడువు దాటాక వారు దున్నిన భూమి వారిది కాకుండా పోయింది.

ఇళ్ళ విషయంలో మాత్రం మరొక తలుపు తెరుచుకుంది. కాగోడు తిమ్మప్పగారు రెవెన్యూ మంత్రిగా ఉన్నప్పుడు, 2016 నాటి సవరణతో ఆ చట్టంలో 38-ఏ సెక్షన్ చేరింది. ‘వాసిసువవనే మనెయొడెయ’ అన్నారు, కాపురమున్నవాడే ఇంటికి యజమాని అని. కౌలు రైతుల సత్యాగ్రహం 1951లో జరిగింది ఆయన సొంత ఊరు కాగోడులోనే. ప్రభుత్వ రికార్డులలో ఊరుగా లెక్కలేని జనవసతులను, అంటే హట్టులను, తాండాలను, కందాయ గ్రామాలుగా ప్రకటించి, అక్కడ ఉండేవారికి హక్కు పత్రం ఇవ్వడం దీని ఉద్దేశం. 2025 మే 20న హొసపేటలో 1,11,111 హక్కు పత్రాలు పంచారు.

మరి మీ హట్టి ఆ జాబితాలో ఉందా? ఇదే మీరు మొదట తేల్చుకోవలసిన సంగతి. గ్రామ పాలనాధికారిని అడగండి, ఆయన తేల్చకపోతే తాలూకా కచేరీకి వెళ్ళి తహశీల్దారుకు రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి. అర్జీ ఇచ్చినట్టు ముద్ర వేసిన స్వీకృతి చీటీ తీసుకోకుండా మాత్రం కదలవద్దు. నెలలు గడిచినా పలుకు లేకపోతే, 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద, అర్జీ ఎక్కడ ఆగిందో అడగవచ్చు. 30 రోజులలో జవాబివ్వాలి.

ఇంటి పన్ను కడుతున్నాం కదా, రశీదు ఉంది కదా అని కొందరంటారు. పన్ను రశీదు యాజమాన్య పత్రం కాదు. కానీ మీరు అక్కడ ఎంతకాలంగా ఉన్నారో చెప్పే సాక్ష్యం అది. పాత కరెంటు బిల్లు, రేషన్ కార్డు, ఓటర్ల జాబితా అన్నీ అంతే. ట్రంకుపెట్టె అడుగున ఉన్నవన్నీ బయటికి తీయండి. బడికి కూడా వెళ్ళండి. పాత ప్రవేశ రిజిస్టరులో తండ్రి పేరు, ఊరి పేరు రాసి ఉంటాయి. ముప్పై ఏళ్ళ క్రితం మీ అన్న ఒకటో తరగతిలో చేరినప్పుడు రాసిన వరుస ఈ రోజు పనికి రావచ్చు.

పేర్లు చూసుకోండి. మన చిన్న ఓబయ్య ఒక కార్డులో చిక్క ఓబయ్య అవుతాడు, పెద్దక్క దొడ్డక్క అవుతుంది. కార్డులో ఒక పేరు, అర్జీలో మరో పేరు ఉంటే విచారణలో అక్కడే చిక్కు పడుతుంది. స్థల పరిశీలనకు వచ్చినవారు మహజరు రాసి వేలిముద్ర అడుగుతారు. అది కన్నడంలో ఉంటుంది. చదివి వినిపించి, తెలుగులో అర్థం చెప్పించుకున్న తరువాతే వేలు పెట్టండి. రాజ్యాంగం 350వ అధికరణ ప్రకారం రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి మొర పెట్టుకోవచ్చు. అయినా పని త్వరగా జరగాలంటే కన్నడంలో రాయించి, తెలుగు ప్రతి జతపరచడం మేలని నా అభిప్రాయం.

మడకశిరలోనో పెనుకొండలోనో ఉన్న బావగారు చెప్పే పద్ధతి ఇక్కడ పనికిరాదు. అది ఆంధ్ర చట్టం. మీ ఇల్లు ప్రభుత్వ భూమిలో ఉంటే దారి మళ్ళీ వేరు, భూకందాయ చట్టం 94-సి సెక్షన్ చూడాలి. పావగడ పేటలో నెలనెలా బాడిగ కట్టి ఉండేవారు ఈ చట్టంతో ఇల్లు తమదవుతుందని అనుకోకూడదు.

యజమాని బెదిరిస్తే, సామాన్లు బయట వేస్తానంటే, కోర్టు ఆవరణలోని తాలూకా న్యాయసేవా సమితికి వెళ్ళండి. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలవారికి, తెగలవారికి ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా వకీలును ఏర్పాటు చేస్తారు. స్వీకృతి చీటీ వెంట తీసుకువెళ్ళండి.