గీజర్ పెడితే బ్రేకర్ పడుతున్నదా?

ఆదివారం సోనాపూర్ క్యాంపుల నేను మాట్లాడింది, రాలేనోళ్ల కోసం రాస్తున్న.

ఎండకాలం మిద్దె మీది ట్యాంకు నీళ్లు కాలుతయి కాబట్టి గీజర్ బందు పెట్టి, అందుల చల్లారిన నీళ్లే పోసుకుంటం. డిసెంబర్‌ల మల్ల ఆన్ చేస్తం. గొడవ అప్పుడే.

పోయిన చలికాలం మా రూముల ఆన్ చేయంగనే బ్రేకర్ పడ్డది. ఎత్తితే మల్ల పడ్డది. ఒక తమ్ముడు తెలివి చూపించి, బ్రేకర్ తప్పించి వైరు డైరెక్టుగ కలిపిండు. తెల్లారి ఇంకో తమ్ముడు నల్లా ముట్టుకుంటే చెయ్యి జివ్వుమన్నది. కాళ్లకు రబ్బరు చెప్పులు ఉండబట్టి బతికిండు. ఎలక్ట్రీషియన్ విప్పి చూస్తే ఎలిమెంట్ పగిలి, మీద సున్నం గడ్డకట్టి ఉన్నది. బ్రేకర్ పడుడంటే కరెంటు ఎక్కడనో లీకయితున్నదని లెక్క.

వాల్వు నుంచి నీళ్లు కాగేటప్పుడు చుక్కలు పడితే భయం లేదు. దాన్ని మాత్రం మూయకుర్రి, ట్యాంకు పేలుతది. ట్యాంకే కారితే రిపేరు లేదు, కొత్తది పెట్టాలె. మన పైసలతోని కాదు, క్యాంపు గీజర్ కంపెనీ బాధ్యత. ఫోటో తీసి క్యాంప్ బాస్‌కు వాట్సాప్ చేయుర్రి, తారీఖుతో సాక్ష్యం ఉంటది. పట్టించుకోకపోతే కార్మిక శాఖ నంబరు 600590000.

ఎవరికన్నా షాక్ కొడితే ముట్టకుర్రి. ముందు మెయిన్ బందు, తర్వాత 998కి అంబులెన్సు.

ఊరి నుంచి బకెట్ల పెట్టే రాడ్డు తేకుర్రి. ఆ వైరు కలిపిన తమ్ముడే మొన్న తెచ్చిండు. ఇప్పుడది నా పెట్టెల ఉన్నది, ఊరికి పోయేనాడు ఇస్త.