టిక్కెట్టు అనే మాట

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము పండితులం కాము. మెట్రిక్యులేషను చదివి, రైల్వేలో గుమాస్తాగిరీ చేసుకుంటున్నవారం. కార్యదర్శిగారు ఏదైనా మాట్లాడమన్నారు. రోజంతా మా నోట నలిగే మాటను గురించే నాలుగు ముక్కలు మనవి చేసుకుంటాము. ఆ మాట టిక్కెట్టు.

ఇది ఇంగ్లీషు మాటే గాని, దాని పుట్టిల్లు ఫ్రెంచి భాష. అక్కడ మొదట అంటించే చీటీ అని అర్థం. మర్యాదను ‘ఎటికెట్’ అంటామే, అది దీని తోబుట్టువు. కౌంటరు దగ్గర తోపులాట చూసినవారు ఈ చుట్టరికాన్ని నమ్మరు!

ఇంగ్లీషువారు ఏదైనా సరిగ్గా కుదిరితే ‘అదీ టిక్కెట్టు’ అంటారు. అమెరికాలో పోలీసువాడు బండి ఆపి చేతిలో పెట్టే జరిమానా కాగితం టిక్కెట్టే. ఎన్నికలలో పార్టీ నిలబెట్టే అభ్యర్థుల జాబితా కూడా అక్కడ టిక్కెట్టే. మన దేశంలోనూ ఎన్నికల రోజులలో ‘ఆయనకు టిక్కెట్టు దొరకలేదు’ అంటే, రైలు తప్పిపోయిందని ఎవరూ అనుకోరు.

మన చీటీ ఏమీ తీసిపోలేదు. హిందీ ‘చిట్ఠీ’ని ఇంగ్లీషువారు ‘చిట్’ చేసి తమ నిఘంటువులో చేర్చుకున్నారు. తమిళంలో ‘సీట్టు’ అంటే పేకా అదే, నెలనెలా కట్టే చీటీ అదే, రైలు టిక్కెట్టూ అదే. ఉద్యోగం ఊడితే ‘సీట్టు కిళిచ్చిట్టాంగ’, అంటే చీటీ చింపేశారంటారు. బండిలో టిక్కెట్లు చూసే ఉద్యోగి ఆంధ్రలో టీసీ, ఇక్కడ టీటీఆర్. టిక్కెట్టు లేనివాడు ఇక్కడ ఉట్టి ‘విత్తవుట్’. ‘లేకుండా’ అన్న మాటే మనిషికి పేరైపోయింది.

ఇంతవరకు నవ్వుకునే సంగతులు. ఇక మాకు నవ్వు రాని సంగతి ఒకటి.

మేము ఈ సీమకు వచ్చిన కొత్త. విరుదునగరం నుంచి కోవిల్‌పట్టికి ఒక పెద్దాయన ప్రతి సోమవారం టిక్కెట్టు కొనేవారు. వారింట తెలుగే. ఎన్నో తరాల క్రిందట వచ్చి స్థిరపడిన కుటుంబం. మా కోస్తా యాస విని నవ్వి, ‘ఏం నాయనా, బువ్వ తింటివా?’ అని పలకరించేవారు. ఒక సోమవారం ఆయనకు బదులు కొడుకు వచ్చాడు. తమిళం నేర్చుకుంటున్న ఉత్సాహం గదా, ‘అప్పా టిక్కెట్ వాంగిట్టారా?’ అని అడిగాము. తండ్రిగారు ముందే కొనుక్కున్నారా అని మా భావం. అతని ముఖం వాడిపోయింది. వరుసలో ఒకరు కిసుక్కున నవ్వారు. ఇంకొకరు మమ్మల్ని కసిరారు.

ఇక్కడి వాడుకలో ‘టిక్కెట్టు కొన్నాడు’ అంటే చనిపోయాడని. పెద్దాయన అప్పటికి మూడు రోజులుగా మదురైలో ఆస్పత్రిలో ఉన్నారు. కొడుకు అక్కడికే టిక్కెట్టు కోసం వచ్చాడు.

మనకు మాత్రం ఇటువంటి మాటలు లేవా? ‘పైకి టిక్కెట్టు కొన్నాడు’, ‘బాల్చీ తన్నేశాడు’, ‘టపా కట్టాడు’ అని మనమూ అంటాము. కాని మనింటి మనిషి పోతే అవి నోట రావు. ‘కాలం చేశారు’ అంటాము. వీధిలో చెల్లే మాట ఇంట చెల్లదు. మన భాషలో ఎరిగిన ఈ సంగతి పొరుగు భాషలో మాకు తట్టలేదు.

కొడుకు తిరిగి వచ్చిన రోజున చేతులు పట్టుకుని క్షమించమన్నాము. ‘మీకు తెలియకనే గదా’ అన్నాడు. ఆ మాటతో మా సిగ్గు తగ్గలేదు. నెల దాటినాక పెద్దాయనే కర్ర పోటు మీద వచ్చారు. డబ్బులు లోపలికి తోసి, ‘నాయనా, నేను టిక్కెట్టు కొంటా ఉండాను. కోవిల్‌పట్టికే, అంతకు మించి వద్దు!’ అన్నారు. వరుసంతా నవ్వింది. మేము మాత్రం చిల్లర రెండుసార్లు తప్పు లెక్కపెట్టాము.

కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టి, తమిళంలో రాసి, 1991లో సాహిత్య అకాడమీ బహుమానం పొందిన కీర్తిశేషులు కి. రాజనారాయణన్ గారు ఈ కరిసల్ సీమ, అంటే మన రేగడి నేల, పల్లె మాటలను ఏరి నిఘంటువు కూర్చారు. పల్లె నోటి మాటకు అంత విలువ ఉంది. మన పిల్లలకు బడిలో ఇంగ్లీషు, వీధిలో తమిళం, ఇంట తెలుగు. ఒకే మాట మూడు చోట్ల మూడు విధాలుగా పలుకుతుంది. మాటతో పాటు అది ఎక్కడ, ఎవరి ముందు చెల్లుతుందో కూడా వారికి చెప్పవలసినవారం మనమే.

టిక్కెట్టు మీద ఏ ఊరి నుంచి ఏ ఊరి దాకా చెల్లుతుందో అచ్చు వేసి ఉంటుంది. మాట మీద ఉండదు. తెలిసినవారిని అడిగి ఎక్కడమే మేలు.